బకింగ్‌హామ్ కాలువకు పేరిచ్చిన డ్యూకు ఎవరు? ఆ బిరుదు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

అడిగినవారు ఒంగోలు వైపు వారట. మన కాలువ పేరు బకింగ్‌హామ్, లండన్‌లో రాజుగారి ప్యాలెస్ పేరూ బకింగ్‌హామే. రెండూ ఒకే వంశానివా? ఆ వంశంలో ఇప్పటి డ్యూకు ఎవరు? లేకపోతే ఆ బిరుదు ఎలా పోయింది? ప్రశ్న ఇదీ.

ముందు సూటిగా జవాబు. ప్యాలెస్ బకింగ్‌హామ్ వేరు, కాలువ బకింగ్‌హామ్ వేరు. కాలువ డ్యూకు వంశానికి ఆ బిరుదు ఇప్పుడు లేదు. కాలువకు పేరిచ్చింది మూడో డ్యూకు రిచర్డ్, 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. 1889 మార్చి 26న ఆయన మగపిల్లలు లేకుండా చనిపోవడంతో ఆ బిరుదు అంతరించింది. ఆ పూర్తి బిరుదు ‘బకింగ్‌హామ్ అండ్ చాండోస్ డ్యూకు’. 1822లో పుట్టి 1889లో పోయింది. ఉన్నది 67 ఏళ్లు, అనుభవించింది ముగ్గురు. డ్యూకు అంటే ఇంగ్లండు ప్రభువుల బిరుదుల్లో పై మెట్టు, దాని కింద వరసగా మార్క్వెస్, ఎర్ల్, విస్కౌంట్.

నేను పుట్టింది కొత్తపట్నం దగ్గర, ఆ కాలువ గట్టు మీదే ఆడుకుని పెరిగాను. ఆ తరవాత ఇంగ్లండులో ఇరవై రెండేళ్లు పాత కుటుంబాల కాగితాలు సర్ది కేటలాగులు రాసే పనిలో ఉన్నాను. రెండు గట్లూ తెలిసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

పేరు దగ్గరే అందరూ పడిపోతారు

బకింగ్‌హామ్ అనేది లండన్‌కు వాయవ్యంగా ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు మీద వేర్వేరు కాలాల్లో వేర్వేరు కుటుంబాలకు డ్యూకు బిరుదులు ఇచ్చారు. మొదట 1444లో స్టాఫర్డ్ వంశం. వాళ్లలో ఆఖరి డ్యూకు తల 1521లో ఎనిమిదో హెన్రీ తీయించాడు. తరవాత 1623లో జార్జ్ విల్లియర్స్. ఇతన్ని 1628లో పోర్ట్స్‌మత్‌లో ఒక సైనికాధికారి పొడిచి చంపాడు. కొడుకు 1687లో పోవడంతో ఆ శాఖ అయిపోయింది. ఆ తరవాత జాన్ షెఫీల్డ్ అనే ఆయన ‘బకింగ్‌హామ్ అండ్ నార్మన్‌బీ డ్యూకు’ అయ్యాడు. 1703లో లండన్‌లో బకింగ్‌హామ్ హౌస్ కట్టించింది ఈయన. అదే తరవాత రాజులు కొనుక్కుని పెంచి ప్యాలెస్ చేసుకున్నారు. షెఫీల్డ్ బిరుదు 1735లోనే పోయింది. మన కాలువ డ్యూకు పుట్టేసరికి షెఫీల్డులు పోయి ఎనభై ఎనిమిదేళ్లు.

దీనికి తోడు మద్రాసు వాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. మన డ్యూకు రాకముందు మద్రాసు గవర్నరుగా ఉండి 1875 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయిన లార్డ్ హోబర్ట్‌ది ‘బకింగ్‌హామ్‌షైర్ ఎర్ల్’ కుటుంబం. ఊరి పేరుతో ఒక బిరుదు, జిల్లా పేరుతో ఇంకో బిరుదు, ఆయన తరవాత ఈయన. పాత ఉత్తరాల్లో ఈ రెండూ కలగాపులగం చేసిన వాళ్లను చాలామందిని చూశాను.

గొర్రెల దొడ్డి నుంచి డ్యూకు దాకా

ఈ వంశం మూలం స్టో అనే ఊరు. 1571లో పీటర్ టెంపుల్ అనే ఆయన అక్కడ గొర్రెలు మేపుకోవడానికి భూమి కౌలుకు తీసుకున్నాడు. 1589లో కొడుకు దాన్ని కొనేశాడు. ఉన్ని మీద డబ్బు, డబ్బు మీద 1611లో బారనెట్ హోదా (ప్రభువుల కన్నా కింది మెట్టు). మూడు తరాలు తిరిగేసరికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే సేనాని విస్కౌంట్ కోభమ్ అయ్యాడు. స్టోలో ఇప్పటికీ మనుషులు టికెట్టు కొని చూసే తోటలు ఈయన చలవే. వాన్‌బ్రూ, కెంట్, గిబ్స్ లాంటి పేరున్న వాస్తుశిల్పులు పనిచేశారు. కేపబిలిటీ బ్రౌన్ 1741 నుంచి పదేళ్లు అక్కడ తోటమాలిగా ఉన్నాడు.

టెంపుల్ అంటే గుడి కదా. ఇంటి పేరు గుడి కాబట్టి తోట నిండా గుళ్లు కట్టించారు. వంశ నినాదం కూడా ‘నీ ఆలయాలు ఎంత ప్రియమైనవి’ అనే బైబిలు మాట. మా అమ్మ ఇంగ్లండు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. రెండు గంటలు తిరిగి, ఒక గట్టు మీద కూలబడి, “ఇన్ని గుళ్లు కట్టారు, ఒక్క దాంట్లోనూ దేవుణ్ణి పెట్టలేదేంట్రా?” అంది. నిజమే. ఒక దాంట్లో దేవుడికి బదులు షేక్స్‌పియర్, న్యూటన్, మొదటి ఎలిజబెత్ రాణి వగైరా పదహారు మంది మహనీయుల తలలు వరసగా ఉంటాయి. వాళ్ల వెనక గోడకు ఒక పలక ఉంది. సిన్యోర్ ఫిడో అనే పెద్దమనిషి ఎంత నీతిపరుడో, ఎంత నమ్మకస్తుడో పొగుడుతూ పోయి, ఆయన మనిషి కాదు, కుక్క అని చివర్లో తేలుతుంది. దాన్ని చదివి చెప్పాక మా అమ్మకు ఆ తోట మీద గౌరవం పెరిగింది.

ఇక్కడ అసలు విషయం మొదలవుతుంది. కోభమ్‌కు పిల్లల్లేరు. అందుకని బిరుదు తన అక్కచెల్లెళ్ల సంతానానికి పోయేలా పత్రంలోనే రాయించుకున్నాడు. సోదరి హెస్టర్ గ్రెన్‌విల్ ఇంటి కోడలు. అలా టెంపుల్ ఆస్తి గ్రెన్‌విల్ ఇంట్లో పడింది. హెస్టర్ కొడుకుల్లో జార్జ్ గ్రెన్‌విల్ ప్రధానమంత్రి అయ్యాడు, అమెరికాను మండించిన 1765 స్టాంపు చట్టం ఆయనదే. కూతురు పెద్ద విలియం పిట్ భార్య, చిన్న పిట్ తల్లి, ఆ ఇద్దరు పిట్‌లూ ప్రధానమంత్రులే. జార్జ్ చిన్న కొడుకు విలియం గ్రెన్‌విల్ కూడా ప్రధానమంత్రే. 1807లో బానిస వ్యాపారం రద్దు చేసిన చట్టం ఆయన హయాంలోది.

జార్జ్ పెద్ద కొడుకు, ఈయన పేరూ జార్జే, ఎర్ల్ టెంపుల్‌గా ఉండగా మన దేశం కథలో ఒక్క రాత్రికి గట్టి పాత్ర పోషించాడు. 1783 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీ పగ్గాలు లాక్కోవడానికి అప్పటి మంత్రి ఫాక్స్ ఇండియా బిల్లు పెట్టాడు. మూడో జార్జి రాజుకు ఆ బిల్లు గిట్టలేదు. “దీనికి ఓటేసినవాణ్ణి నా శత్రువుగా చూస్తాను” అన్న అర్థం వచ్చే కబురు ఎర్ల్ టెంపుల్ చేతికిచ్చి ప్రభువుల సభలో తిప్పించాడు. 95 ఓట్లకు 76తో బిల్లు పడిపోయింది, ప్రభుత్వమూ పోయింది. ఎర్ల్ టెంపుల్ మేనత్త కొడుకు చిన్న పిట్ ప్రధాని అయ్యాడు. మరుసటి ఏడు వచ్చిన పిట్ ఇండియా చట్టంతోనే కంపెనీ మీద ప్రభుత్వ బోర్డు నిఘా మొదలైంది. టెంపుల్‌కు 1784లో మార్క్వెస్ ఆఫ్ బకింగ్‌హామ్ బిరుదు దక్కింది. ఆయన మనసు డ్యూకు మీదే ఉంది గానీ అది ఆయన బతికుండగా దొరకలేదు. కొడుక్కి 1822లో నాలుగో జార్జి ఇచ్చాడు. గ్రెన్‌విల్ వర్గం ప్రభుత్వంలో కలిసినందుకు అది బహుమానం. దీన్ని ఎంత మెత్తగా చెప్పినా బేరమే.

ఇంటిపేరు చూడండి, కథంతా అందులోనే ఉంది

డ్యూకుల ఇంటిపేరు టెంపుల్-నూజెంట్-బ్రిడ్జెస్-చాండోస్-గ్రెన్‌విల్. మొదటిసారి కేటలాగు కార్డు మీద రాసినప్పుడు నాకు ఒక వరస చాల్లేదు. ఆడంబరం అని నవ్వుకుంటాం గానీ అది ఆస్తుల జాబితా. ప్రతి ముక్కా మగపిల్లాడు లేక ఆగిపోయిన ఒక ఇంటి పేరు.

టెంపుల్ సంగతి చెప్పాను. నూజెంట్ అంటే ఐర్లండు రాజకీయవేత్త రాబర్ట్ నూజెంట్. డబ్బున్న విధవలను వరసగా పెళ్లాడి ఎదిగిన మనిషి. రచయిత హొరేస్ వాల్‌పోల్ ఆ పద్ధతికి ‘నూజెంటైజ్’ అని క్రియాపదమే పుట్టించాడు. ఆయన కూతుర్ని మన మార్క్వెస్ చేసుకున్నాడు. మామగారి ఎర్ల్ బిరుదు కూడా అల్లుడికే వచ్చేలా పత్రం రాయించారు.

బ్రిడ్జెస్, చాండోస్ మొదటి డ్యూకు భార్య వైపు నుంచి వచ్చాయి. చాండోస్ వంశం ఒక కాలంలో రాజులకు దీటైనది. అందులో మొదటి డ్యూకు జేమ్స్ బ్రిడ్జెస్ యుద్ధకాలంలో సైన్యానికి జీతాలు పంచే పదవిలో ఉండి కోట్లకు పడగలెత్తాడు. లండన్ దగ్గర కేనన్స్ అనే మహాభవనం కట్టాడు, సంగీతకర్త హాండెల్‌ను పోషించి కీర్తనలు రాయించుకున్నాడు. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు కుప్పకూలినప్పుడు గట్టి దెబ్బ తగిలింది. ఆయన కొడుకు 1747లో కేనన్స్‌ను ఇటుకలతో సహా వేలం వేశాడు. మూడో చాండోస్ డ్యూకు 1789లో పోయాడు. మిగిలింది ఒక్క ఆడపిల్ల, అన్నా ఎలైజా. 1796లో ఆమెను గ్రెన్‌విల్ ఇంటికి చేసుకున్నారు.

స్టో భవనంలో ఈ వంశం కలుపుకున్న కుటుంబాల చిహ్నాలన్నీ ఒకే పలక మీద గీయించారు. 719 గళ్లు. దాన్ని దగ్గర్నుంచి చూస్తే చిహ్నాలు గోరంత కూడా ఉండవు. నాకు అది గొప్పగా అనిపించలేదు. శ్మశానంలో పేర్ల పలకలా అనిపించింది, ఎందుకంటే చాలా గళ్ల వెనక ఆగిపోయిన ఇల్లు ఒకటి ఉంటుంది.

వంశపారంపర్యం మీద రాసిన ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లోనే ఒక వాదన చేశాడు: ఆస్తి కోసం వారసురాళ్లను ఏరి చేసుకుంటే బిరుదులు అంతరిస్తాయి, ఎందుకంటే అన్నదమ్ములు లేని పిల్ల వచ్చేది సంతానం తక్కువున్న ఇంటి నుంచే. ఆయన మిగతా సిద్ధాంతాలు నాకు పడవు. ఈ ఒక్కటి మాత్రం, మూడు తరాల మీద రుజువు కట్టలేకపోయినా, స్టో విషయంలో కొట్టిపారేయలేను. అన్నా ఎలైజాకు ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి ఒక కొడుకు, ఒక కూతురు. ఆ మనవడికి ముగ్గురూ ఆడపిల్లలే. డ్యూకు బిరుదు మొదటి రోజు నుంచీ ఒంటిపోగు దారం మీదే వేలాడింది.

రెండో డ్యూకు: ఇల్లు ముంచినవాడు

మొదటి డ్యూకే ఖర్చు తగ్గించుకోవడానికని 1827లో సొంత ఓడలో మధ్యధరా సముద్రం మీదికి పోయాడు. పొదుపు కోసం ఓడ కొనుక్కున్న మనిషి! కొడుకు రెండో డ్యూకు తండ్రిని మించాడు. రైతుల పక్షం అని పేరుంది. 1832 సంస్కరణ చట్టంలో ఏడాదికి 50 పౌండ్ల కౌలు కట్టే రైతుకు ఓటు ఇచ్చిన ‘చాండోస్ క్లాజు’ ఈయనదే. ఆ రైతులు దొర చెప్పినవాడికే ఓటేస్తారన్నది లోపలి లెక్క.

అప్పు తెచ్చి భూములు కొనేవాడు. ఆ భూమి రాబడి ఆ అప్పు వడ్డీకి చాలేది కాదు. మన దగ్గర వడ్డీకి తెచ్చి రియల్ ఎస్టేట్ చేసేవాళ్లను చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. 1844లో కొడుకు మేజరయ్యాడు, ఊరంతా పండగ. ఆ సంబరంలోనే వంశపారంపర్య ఆస్తిని అమ్ముకోకుండా కట్టి ఉంచిన షరతును తెంచడానికి కొడుకు చేత సంతకం పెట్టించుకున్నాడు. 1845 జనవరిలో విక్టోరియా రాణిని స్టోకు పిలిచి దివాణం చేశాడు. 1847కు అప్పు పది లక్షల పౌండ్లు దాటింది. జప్తుదారులు గడపలోకి వచ్చారు, దొర దేశం దాటాడు.

1848 ఆగస్టులో క్రిస్టీస్ వాళ్లు స్టోలోనే వేలం పెట్టారు. నలభై రోజులు నడిచింది. పటాలు, వెండి, బొమ్మలు, సారాయి, పరుపులు. ధరలు, కొన్నవాళ్ల పేర్లు అచ్చువేసిన కేటలాగు ఒకటి నా చేతుల్లోకి వచ్చింది. తిప్పుతూ పోతే ఒక ఇల్లు గది తరవాత గది ఖాళీ అవడం కళ్లకు కడుతుంది. మొత్తం వచ్చింది డెబ్బై అయిదు వేల పౌండ్ల చిల్లర. అప్పులో పదో వంతు కూడా కాదు.

ఆ వేలంలో పోయిన వస్తువు ఒకదాన్ని మీరూ చూసి ఉంటారు. ఇంగ్లీషు వాచకంలో షేక్స్‌పియర్ బొమ్మ గుర్తుందా? చెవికి పోగు, మెడ దగ్గర వదులుగా తెల్ల కాలరు. దాన్ని ‘చాండోస్ చిత్రం’ అంటారు. పేరు ఈ వంశానిదే. 355 గినీలకు (గినీ అంటే పౌండు కన్నా ఒక షిల్లింగు ఎక్కువ) ఎల్స్‌మియర్ ఎర్ల్ కొన్నాడు, 1856లో జాతికి ఇచ్చేశాడు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ చిట్టాలో ఒకటో నంబరు అదే.

భార్య 1850లో విడాకులు తీసుకుంది. రెండో డ్యూకు 1861లో పాడింగ్టన్ స్టేషన్ హోటల్లో చనిపోయాడు. ఆ పక్కనే పట్టాలు. కొడుకు అప్పటికి ఇంకో రైల్వే కంపెనీకి ఛైర్మన్.

మూడో డ్యూకు: మనకు వచ్చినవాడు

తండ్రి ముంచింది కొడుకు ఈదాడు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు 1853 నుంచి 1861 దాకా ఛైర్మన్‌గా జీతం తీసుకుని పనిచేశాడు. డ్యూకు కొడుకు జీతానికి పనిచేయడం అప్పట్లో చిన్న విషయం కాదు. తరవాత మంత్రి, 1867-68లో వలసల శాఖ కార్యదర్శి. తన పొలాల మీదుగా 1870ల మొదట్లో ఒక బుల్లి ట్రాం లైను వేయించాడు. అది చేతులు మారి మారి లండన్ రవాణా సంస్థ దాకా పోయి 1935లో మూతపడింది.

1875 నవంబరులో మద్రాసు గవర్నరుగా దిగాడు. ఏడాది తిరగకుండానే ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మాడిపోయాయి. డ్యూకు ప్రభుత్వం 1876 చివర్లో ముప్పై వేల టన్నుల ధాన్యం కొనబోయింది. వైస్రాయి లిట్టన్‌కు కోపం వచ్చింది, ప్రభుత్వం బజారులో వేలు పెట్టకూడదన్నది ఆయన మతం. ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని దక్షిణాదికి పంపాడు. కూలికి రోజుకు ఒక పౌను, అంటే నాలుగు వందల యాభై గ్రాముల లెక్క ధాన్యం, చేతికి ఒక అణా అనే ‘టెంపుల్ కూలి’ ఈయన పుణ్యం. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని పోట్లాడితే, 1877 మేలో మద్రాసు ప్రభుత్వం ఆ కూలి లెక్క నుంచి వెనక్కి తగ్గింది. ఆగస్టులో డ్యూకు లండన్ మేయరుకు తంతి కొట్టి చందాలు అడిగితే ఆరు లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సభలో మాట్లాడుతూ ఆ ఒక పౌను కూలి డ్యూకు పెట్టిందే అన్నాను. డ్యూకు పేరు రిచర్డ్, ఇంటిపేరులో మొదటి ముక్క టెంపుల్. కాగితంలో ‘రిచర్డ్ టెంపుల్’ అని చూసి ఇద్దర్నీ కలిపేశాను. వెనక వరసలో ఒక ముసలాయన లేచి, “బాబూ, నువ్వు హంతకుణ్ణీ సాక్షినీ ఒకరే అంటున్నావు” అన్నాడు. రిచర్డ్ టెంపుల్ వేరు, డ్యూకు వేరు. అలాగని డ్యూకును దేవుణ్ణి చేయనక్కర్లేదు. లక్షల మంది చచ్చిన ఆ కాలంలోనే ఊటీలో గవర్నరు బంగళా కట్టుబడి మొదలైంది. దాని మీద స్టో భవనం పోలికలున్నాయంటారు. 1879లో కల్లు మీద పన్ను, ముఠాదారుల (కొండ ఊళ్ల పెద్దల) మీద పెత్తనం కలిసి గోదావరి మన్యంలో రంప పితూరీ లేచిందీ ఆయన హయాంలోనే. మెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. లిట్టన్ 1878లో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చినప్పుడు మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) అది వర్తించలేదు. మన తెలుగు పత్రికలు ఆ బాధ తప్పించుకున్నాయి.

కాలువ మాట. దాన్ని తవ్వించడం మొదలుపెట్టింది డ్యూకు కాదు. బాసిల్ కోక్రన్ అనే వ్యాపారి 1806 నాటికి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించాడు, చాలా కాలం అది కోక్రన్ కాలువే. తరవాత ప్రభుత్వం తీసుకుని ఉత్తరానికి దుగరాజపట్నం, కృష్ణపట్నం వైపు పొడిగించుకుంటూ వచ్చింది. ఈస్ట్ కోస్ట్ కెనాల్ అన్నారు. కరువులో కూలి కల్పించడానికి మద్రాసు ఊళ్లో కూవం నుంచి అడయారు దాకా అయిదు మైళ్ల ముక్క తవ్వించారు. దాంతో ఉత్తరం దక్షిణం కలిశాయి, 1878లో మొత్తానికి గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిశాక కృష్ణా డెల్టా నుంచి మద్రాసుకు పడవ దారి ఒకటయింది. మా నాయనమ్మ చిన్నప్పుడు పడవ మీద కట్టెలు, ఉప్పు పోవడం, గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగడం చెప్పేది. డ్యూకు ఎవరో ఆమెకు తెలీదు. ‘బకింగాం కాలవ’ అంటే బక్కచిక్కినవాళ్లు తవ్విన కాలవ అనుకుంది చాలా రోజులు. అది తప్పని నేను దిద్దలేదు.

మరి బిరుదు ఎలా పోయింది?

మూడో డ్యూకు 1880 డిసెంబరులో ఇంటికి పోయాడు. మొదటి భార్య అప్పటికే లేదు. 1885లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు కలగలేదు. 1889లో మధుమేహంతో లండన్‌లో పోయాడు.

మన వాళ్లు ఇక్కడ అడిగేది ఒకటే: దత్తత తీసుకోవచ్చుగా? అక్కడ కుదరదు. బిరుదు ఇచ్చిన రాజపత్రంలో ‘ఒంట పుట్టిన మగ సంతతికి’ అని ఉంటుంది. చట్టబద్ధమైన పెళ్లిలో పుట్టిన ఔరసుడే, అదీ మగవాడి ద్వారానే. దత్తుడికి లేదు, కూతురి కొడుక్కి లేదు, పెళ్లి కాకుండా పుట్టినవాడికి లేదు. మన జమీందారీలు దత్తతల మీదే బతికాయి. వెంకటగిరి పిల్లాడు బొబ్బిలికి దత్తుపోయి రాజయ్యాడు. దత్తత చెల్లదంటూ సతారా, ఝాన్సీ కలిపేసుకున్న డల్హౌసీ 1860లో ఇద్దరు కూతుళ్లను వదిలి పోతే, ఆయన మార్క్వెస్ బిరుదు కూడా మగపిల్లాడు లేకే అంతరించింది. ఎర్ల్ బిరుదు మాత్రం పాతది కాబట్టి దాయాదికి పోయింది.

చాలామందికి తెలియంది ఏంటంటే, ఒక మనిషి దగ్గర ఎన్ని బిరుదులుంటే ఆయన చావుతో అవి అన్ని దారుల్లో పోతాయి. మన మూడో డ్యూకు సంగతే చూడండి. డ్యూకు, మార్క్వెస్ బిరుదులు, నూజెంట్ ఎర్ల్ పోయాయి. 1749లో హెస్టర్‌కు ఇచ్చిన ఎర్ల్ టెంపుల్ కూడా పోయింది, ఆమె కొడుకుల మగ సంతతి అంతా అప్పటికి తెగింది కాబట్టి. కోభమ్ విస్కౌంట్ మాత్రం ఇంకో సోదరి సంతానమైన లిటిల్టన్ వంశానికి ఎగిరి వాలింది, ఇప్పటికీ ఉంది. 1822లోనే ముందుచూపుతో ‘ఎర్ల్ టెంపుల్ ఆఫ్ స్టో’ అని విడిగా ఒక బిరుదు పుట్టించి, మొదటి డ్యూకు మనవరాలి సంతతికి పోయేలా రాయించారు. అది డ్యూకు మేనల్లుడు గోర్-లాంగ్టన్‌కు దక్కింది, అదీ బతికే ఉంది. స్కాట్లండు నుంచి వచ్చిన కిన్‌లాస్ బిరుదు ఆడవాళ్లకూ పోవచ్చు కనక పెద్ద కూతురు మేరీ లేడీ కిన్‌లాస్ అయింది. స్టో భవనం ఆమెకే వచ్చింది. ఆ కుటుంబం 1921-22 ప్రాంతంలో అమ్మేసింది, 1923లో అక్కడ బడి తెరిచారు. తోటలు ఇప్పుడు నేషనల్ ట్రస్టువి.

కెనడా నుంచి గ్రెన్‌విల్ ఇంటిపేరున్న ఒకాయన ఏడెనిమిది ఉత్తరాలు రాశాడు, డ్యూకు బిరుదు తనదేనని. నేను వంశవృక్షం అంతా వేయనే లేదు. 1822 పత్రం మొదటి డ్యూకు సంతతికే వర్తిస్తుంది, ఆయనకు కొడుకు ఒక్కడే, ఆ కొడుక్కీ ఒక్కడే, అతనికి లేరు అని మూడు వాక్యాలు రాశాను. ఎవరైనా అంతరించిన బిరుదు మాదే అంటే ముందు పత్రంలో మాటలు చదవండి, తరవాతే చెట్టు గీయండి. ‘నిద్రాణం’ అంటే హక్కుదారుడు ఉండొచ్చు గానీ తేలలేదని అర్థం, ‘అంతరించింది’ అంటే హక్కుదారుడు ఉండే వీలే లేదని.

ఇంకో మాట. మిల్టన్ కీన్స్‌లో మన మిత్రుడొకరికి పుట్టినరోజుకు పిల్లలు ఆన్‌లైన్‌లో ‘లార్డ్’ పత్రం కొనిచ్చారు, అడుగు నేలతో సహా. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. ఫ్రేము బాగుంది. ఆ పత్రంతో పాస్‌పోర్టులో బిరుదు రాయించుకోబోయి భంగపడ్డాడు. ప్రభువుల బిరుదులు అమ్మకానికి ఉండవు, ఈ కాగితాలు ఆటబొమ్మలు. మీరు కొనకండి.

రాజు తలచుకుంటే రేపు ఇంకెవరికైనా బకింగ్‌హామ్ డ్యూకు అని కొత్త పత్రం ఇవ్వొచ్చు, అడ్డేమీ లేదు. అది కొత్త బిరుదే అవుతుంది, మన కాలువతో దానికి చుట్టరికం ఉండదు.

మీ ఊరి దగ్గర పాత లాకులు మిగిలి ఉంటే, రాతి మీద సంవత్సరం ఏమైనా చెక్కి ఉందేమో చూసి ఫోటో పెట్టండి. 1878కి ముందుదైతే, అది ఇంకా డ్యూకు పేరు పడని కాలువ.